కొత్త ఆల్బమ్ మొదటిసారి నచ్చకపోతే మళ్లీ వింటారా? అసలు ఎలా వింటారు?

నచ్చకపోతేనే మళ్లీ వింటాను. వినగానే మొత్తం నచ్చేసిన ఆల్బమ్‌ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అలా వినీ వినగానే నోటికొచ్చేసే పాట నెల తిరక్కుండానే మొహం మొత్తుతుంది. కాదనేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి.

నా పద్ధతి ఇది. మొదటి విడత ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండగానే వింటాను. బట్టలు మడతపెట్టడం, అల్మరా సర్దుకోవడం, అలా చేతులకు పని ఉండి బుర్రకు తీరిక దొరికేది ఏదైనా సరే. మొదటిసారే కళ్లు మూసుకుని కూర్చుని వింటే పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు ఉంటుంది, ప్రతి పాటకూ మార్కులు వేసేస్తాం. పని చేసుకుంటూ వింటే ఆ గొడవ లేదు. మడతపెడుతున్న చొక్కా చేతిలో అలాగే ఉండిపోయిందంటే ఆ పాటలో ఏదో ఉన్నట్టే. దాని పేరేంటో అప్పుడే చూడను.

రెండో విడత హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వేరే పనేమీ పెట్టుకోకుండా, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసలో. ఈ వరస దగ్గర మాత్రం నేను పరమ మొండివాణ్ణి. షఫుల్ నొక్కి కొత్త ఆల్బమ్ వినేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు గానీ, ఒక్క సంగతి చెప్తాను. 1948లో ఎల్‌పీ రికార్డు, అంటే రెండు పక్కలా గాడిలో పాటలుండే పెద్ద గ్రామఫోన్ పళ్లెం, వచ్చాక ఒక్కో పక్కకు ఇరవై నిమిషాల పైచిలుకు సంగీతం పట్టేది. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, ఆ వేగం మారదు. కానీ బయటి అంచున సూది కింద సెకనుకు సుమారు అర మీటరు గాడి జారిపోతే, లోపల లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ మిగులుతుంది. అంత ఇరుకులో తాళాల మోత, గొంతులోని ‘స’, ‘ష’ శబ్దాలు నలిగిపోయి జీరగా వినిపిస్తాయి. అందుకని హోరెత్తే పాటలు పక్క మొదట్లోనూ, నెమ్మదైనవి చివర్లోనూ పెట్టేవాళ్లు. 1982లో సీడీలు వచ్చి ఆ ఇరుకు పోయింది, అలవాటు పోలేదు. ఇప్పటికీ ఆల్బమ్ చివర్లో ఓ మెల్లటి పాట వస్తుంటే అది ఆ గాడి చలవేనని నా గట్టి నమ్మకం. అంటే ఆ పాట అక్కడ ఊరికే లేదు. దాన్ని తీసుకొచ్చి ముందు వింటే ఆల్బమ్ మీద కోపం రాక ఏమొస్తుంది?

2021లో అడెల్ కొత్త ఆల్బమ్ వచ్చినప్పుడు ఇదే గొడవ మీద ఆమె అడిగితే, డబ్బు కట్టి వినేవాళ్లకు ఆల్బమ్ పేజీలో షఫుల్ బదులు మామూలు ప్లే బటన్ ముందుకొచ్చేలా స్పాటిఫై మార్చింది. అంత పెద్ద గాయని నోరు తెరిచి అడిగితే గానీ ఇంత చిన్న పని జరగలేదు.

ఇక మళ్లీ వినడం ఎందుకంటారా? ఒకసారి రాత్రి రైల్లో వెళ్తున్నాను. నెట్‌వర్క్ లేదు. ఫోన్లో డౌన్‌లోడ్ అయి ఉన్నది ఒకే ఒక్క ఆల్బమ్, అది కూడా అంతకుముందు విని చప్పగా ఉందని పక్కన పడేసినది. అందులో నాలుగో పాట గొంతు అందుకునే ముందు తంబురా లాంటి ఒకే శ్రుతి సాగుతూనే ఉంటుంది, విసుగొచ్చేదాకా. ఇంట్లో అయితే దాటేసేవాణ్ణి. ఫోన్ తల కింద బ్యాగులో ఉంది, తీయడానికి బద్ధకం. అలా ఆల్బమ్ తిరిగి తిరిగి వస్తుంటే ఎన్నో విడతలోనో ఎడమ చెవిలో ఏదో తేడాగా తగిలింది. గాయకుడి గొంతు వెనకాల అదే గొంతు ఇంకొకటి ఉంది, వెంట్రుకవాసి ఆలస్యంగా నడుస్తోంది. పాటంతా ఆ నీడ వెంటే వస్తుంది. చివరి చరణంలో మాయమైపోతుంది. పాట ఏమో తోడు వెళ్లిపోయి ఒంటరిగా మిగిలినవాడి గురించి! దొంగ దొరికినట్టు నవ్వొచ్చేసింది నాకు.

ఎదురు బెర్తులో పెద్దాయన చూసి, “ఏం బాబూ, ఏదైనా కామెడీనా?” అన్నారు. ఉత్సాహం ఆపుకోలేక ఎడమ చెవిది తీసి ఆయనకిచ్చి ఆ పాటే పెట్టాను. చివరిదాకా ఓపిగ్గా విని తిరిగిచ్చేస్తూ, “బాగుంది గానీ, చివర్లో మీ మిషను పాడైనట్టుంది, సరిగా వినపడలేదు” అన్నారు. ఎందుకు వినపడుతుంది, ఆ రెండో గొంతు ఉన్నదే ఆ చెవిలో! ఆయనకి విడమరిచి చెప్పబోతే అప్పటికే దుప్పటి కప్పేసుకున్నారు.

పదే పదే ఎదురుపడిన దాని మీద మనిషికి ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించాడు. దాన్ని పట్టుకుని, “అలా అరగదీస్తే ఏ చెత్తయినా నచ్చుతుంది” అని నా స్నేహితుడొకడు దెప్పుతుంటాడు. నచ్చదు. విన్నకొద్దీ చిరాకు పెంచిన ఆల్బమ్‌లు నా దగ్గర బోలెడున్నాయి. అలవాటు పడటం వేరు, ఆ నీడ గొంతు చెవిన పడటం వేరు.

ఇంకో మాట, రెండో విడతలో సౌండ్ మరీ తగ్గించి వినకండి. వాల్యూమ్ తగ్గేకొద్దీ మన చెవికి కింది స్థాయి ధ్వనులు, అంటే బేస్, మిగతావాటికన్నా ముందే మాయమవుతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అర్ధరాత్రి సన్నగా పెట్టుకుని విని “మిక్సింగ్‌లో బేస్ లేదు” అని తీర్పులిచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వీళ్లే ఆల్బమ్ వచ్చిన రాత్రే రేటింగులు కూడా ఇచ్చేస్తారు. అన్ని పాటలూ ఒక్కసారి వినడానికే గంట పడుతుంది కదా, ఆలోచించిందెప్పుడు?

తప్పు వినేవాళ్ల ఒక్కరిదే కాదులెండి. స్పాటిఫైలో పాట 30 సెకన్లు నడిస్తేనే ఒక ప్లే కింద లెక్క. దాంతో గొంతు వచ్చేలోపు జనం ఎక్కడ పారిపోతారోనని ముందు వాయిద్యాల్ని కత్తిరించేస్తున్నారు. నా నాలుగో పాట లాంటిది ఇవాళ ఎవరైనా పెట్టాలంటే ధైర్యం కావాలి.

అన్నిటికన్నా నాకు గిట్టనిది డీలక్స్ ఎడిషన్. విడుదలైన కొద్ది రోజులకే నాలుగు మిగులు పాటలు తగిలించి అదే ఆల్బమ్‌ను మళ్లీ వదులుతారు. చివర్లో ఉండాలని పెట్టిన మెల్లటి పాట కాస్తా మధ్యలోకి వచ్చి పడుతుంది. నేనైతే మొదట వచ్చిన పాటలతోనే వరస చెడకుండా ప్లేలిస్ట్ కట్టుకుని, సెట్టింగ్స్‌లో ఆటోప్లే కూడా ఆపేస్తాను. లేకపోతే చివరి పాట అయ్యీ అవ్వకుండానే ఎవరిదో సంబంధం లేని పాట మీద పడుతుంది.