కుక్కపిల్ల కోసం నగలు తాకట్టు పెట్టకండి: ముందు ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: నా వయసు 32. విజయనగరంలో ఉంటాం. పైడిభీమవరంలో ఒక ఫార్మా కంపెనీలో పని చేస్తున్నాను. చేతికి 41,000 వస్తుంది. ఇంట్లో భార్య, ఎల్‌కేజీ చదివే బాబు, అమ్మ ఉన్నారు. అద్దె 7,500, ఇంటి ఖర్చు 16,000, అమ్మ మందులు 2,500, బాబు ఫీజు, ఆటో కలిపి 2,000, బండి ఈఎంఐ 3,400 (ఇంకా 5 నెలలు), చీటీ 5,000 (లక్ష రూపాయల చీటీ, ఇంకా 14 నెలలు ఉంది). ఎఫ్‌డీ 90,000 ఉంది. మంచి జాతి జర్మన్ షెపర్డ్‌ను పెంచి డాగ్ షోల్లో నడిపించాలని చిన్నప్పటి నుంచి కోరిక. వేరే రాష్ట్రంలోని ఒక బ్రీడర్ దగ్గర ఛాంపియన్ లైన్ (షోల్లో గెలిచిన కుక్కల వంశం) మగపిల్ల 70,000 అన్నారు. 10,000 అడ్వాన్స్ పంపేశాను. మిగతా 60,000కు నా భార్య నగల మీద గోల్డ్ లోన్, టీకాలు, కెన్నెల్, తిండి కోసం లోన్ యాప్‌లో 30,000 తీసుకోవాలనుకుంటున్నాను. ఎఫ్‌డీ మాత్రం కదపను. పిల్లను 45 రోజులకే పంపిస్తామంటున్నారు. ఏడాదిన్నరలో ఛాంపియన్ అయితే స్టడ్ ఫీజులతో (ఆడకుక్కలతో జత కట్టించినందుకు వచ్చే డబ్బుతో) లోన్లు తీరిపోతాయి. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. ఆ రెండు లోన్లూ తీసుకోకండి. ఈ వారంలో నగలు లాకర్లోంచి బయటకు రాకూడదు, ఫోన్లో ఆ యాప్ ఉంటే తీసేయండి.

మీ కోరికను నేను తప్పుపట్టడం లేదు. జీతం తెచ్చుకునే మనిషికి ఇష్టమైన పని ఒకటి ఉండాలి. ఒకరు బైకు కొంటారు, ఒకరు కెమెరా కొంటారు, మీరు కుక్కను నడిపిస్తానంటున్నారు. మీ ఉత్తరం ఇక్కడ తీసుకోవడానికి కారణం వేరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో వస్తువు మారుతుంది కానీ పొరపాటు మారదు. కొనే రోజు ధర ఒక్కటే లెక్కలో ఉంటుంది, ఆ ధర అప్పుగా వస్తుంది, ఆ అప్పు తీర్చే డబ్బు ఇంకా పుట్టని ఆదాయంలోంచి రావాలి. మీ విషయంలో కొనే వస్తువుకు ప్రాణం ఉంది. అది జబ్బు పడుతుంది, అదీ అర్ధరాత్రి పడుతుంది. అందుకే ఇంకాస్త గట్టిగా చెబుతున్నాను.

ముందు మీ అంకెలే చూద్దాం. చీటీతో సహా నెలకు 36,400 పోతోంది, 4,600 మిగులుతోంది. యాప్‌లో 30,000 తీసుకుంటే ఏడాదికి 36 శాతం వడ్డీ పడిందనుకుందాం. ఇలాంటి యాప్‌లలో ఇది వింత రేటేమీ కాదు. 12 నెలలకు ఈఎంఐ 3,014 అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ పోగా మీ చేతికి వచ్చేది 28,938. కట్టేది 36,000 పైచిలుకు. గోల్డ్ లోన్‌కు 12 శాతం లెక్కన నెలకు 600 వడ్డీ. ఈ రెండూ పోగా 4,600లో మిగిలేది 986. పెద్ద జాతి పిల్లకు మంచి తిండి పెట్టాలంటే నెలకు 3,000 తక్కువలో తక్కువ. అంటే ఏ ఆపదా రాకపోయినా, ఎవరికీ జ్వరం రాకపోయినా, మొదటి నెలలోనే 2,000 లోటు. ఇంకా గోల్డ్ లోన్ అసలు 60,000 అలాగే ఉంది. ఏడాది తిరిగేసరికి అది ఒక్కసారిగా కట్టాలి. కట్టలేకపోతే తిరగరాయించుకుంటారు, మళ్లీ కట్టలేకపోతే వేలం నోటీసు వస్తుంది. మీ భార్య నగలు వేలానికి వెళ్లే దారి ఇలాగే మొదలవుతుంది.

యాప్ అప్పుల మీద నాకు ఓపిక లేదు. రిజర్వ్ బ్యాంకు 2022లో నిబంధనలు తెచ్చాక అప్పు ఇచ్చే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ పేరు, ఏడాదికి నిజంగా పడే మొత్తం ఖర్చు ముందే కాగితం మీద చూపించాలి. అంత చూపించినా మనవాళ్లు ఆ కాగితం చదవరు, కింద ఉన్న 'అంగీకరిస్తున్నాను' నొక్కేస్తారు. కుక్కపిల్ల కెన్నెల్ కోసం 36 శాతానికి అప్పు చేయడం ఏ లెక్కలోనూ నిలబడదు.

ఇక 'ఎఫ్‌డీ మాత్రం కదపను' అన్నారు. ఆ మాట నాకు నచ్చింది, కానీ మీరు అనుకున్న అర్థంలో కాదు. ఆ 90,000 మీ కుటుంబానికి అత్యవసర నిధి. చీటీ పక్కన పెడితే మీ నెల ఖర్చు 31,400. అంటే ఆ ఎఫ్‌డీ మూడు నెలలకు కూడా సరిపోదు. నేను ఎవరికైనా ఆరు నెలలు అడుగుతాను. మీకు 1,88,400 కావాలి, 98,400 తక్కువగా ఉంది. మీరేమో ఈ గొయ్యి పూడ్చకుండానే పక్కన రెండు లోన్లు తవ్వుతున్నారు.

ఆరు నెలలు ఎందుకంటే, మనం ఉన్న చోటు అలాంటిది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విజయనగరంలో కరెంటు లేక, ఏటీఎంలు పనిచేయక జనం ఎంత అవస్థ పడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస వైపు తీరం దాటాక ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. అప్పుడు ఇంట్లో నాలుగు రోజులకు సరిపడా నగదు ఉన్నవాళ్లకు కొంచెం ఊపిరాడింది. అందుకే నిధి మొత్తం ఎఫ్‌డీలో పెట్టమని చెప్పను. ఒక నెల ఖర్చు సేవింగ్స్ ఖాతాలో, ఓ ఐదారు వేలు ఇంట్లో బీరువాలో, మిగతాది ఎఫ్‌డీలో. అదీ ఒకే ఎఫ్‌డీగా కాకుండా 30,000 చొప్పున ముక్కలుగా వేయండి, అవసరమైనప్పుడు ఒక్కటి విరిస్తే చాలు. మీ ఉద్యోగం ఒక్కటే ఆదాయం. షిఫ్టులు తగ్గినా, ఓవర్‌టైమ్ ఆగినా దెబ్బ నేరుగా వంటింటికి తగులుతుంది. అమ్మకు మందులు నెలనెలా కావాలి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది కాబట్టి సొంతంగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా), మీ పేరు మీద ఒక టర్మ్ పాలసీ కూడా చూసుకోండి. వీటి గురించి ఇంతకుముందు చాలాసార్లు రాశాను.

ఇప్పుడు కుక్క సంగతి. దానికి కూడా విడిగా ఒక నిధి ఉండాలని చెబితే చాలామంది నమ్మరు. ఆమదాలవలస నుంచి నా దగ్గరకు వచ్చే ఒక కుర్రాడి ఇంట్లో ఆ సంగతి కళ్లారా చూశాను. లాబ్రడార్ పిల్లను అప్పు చేసి తెచ్చుకున్నాడు. వచ్చిన తొమ్మిదో రోజు తిండి మానేసింది, మర్నాటికి రక్తంతో విరేచనాలు. పార్వో, కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే వైరస్ జబ్బు. వేరే పని మీద వాళ్లింటికి వెళ్లిన నాకు మొదట కనిపించింది కిటికీ ఊచకు తాడుతో కట్టిన సెలైన్ బాటిల్. కింద గోనెపట్టా మీద పిల్ల, ముందు కాలికి అంటించిన ప్లాస్టరు, పక్కన ఫినాయిల్ వాసన. అతని భార్య ఆ కాలు కదలకుండా రెండు వేళ్లతో పట్టుకుని కూర్చుంది. ఆ ఐదు రోజుల ఖర్చుకు ఆవిడ ఉంగరం తాకట్టుకు వెళ్లింది. పిల్ల దక్కలేదు. అప్పు దక్కింది, పిల్లకు చేసినదీ, మందులకు చేసినదీ. ఆ రోజు వాళ్ల దగ్గర 20,000 విడిగా ఉంటే పిల్ల బతికేదని నేను చెప్పలేను. కానీ మొదటి రోజు 'రేపు చూద్దాం' అని ఆగేవాళ్లు కాదు. డబ్బు లేకపోవడం వల్ల పోయిన ఆ ఒక్క రోజు పార్వోలో చాలా పెద్దది.

అందుకే 45 రోజులకే పంపిస్తామన్న మాట చదివి నాకు కోపం వచ్చింది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఎనిమిది వారాలంటే 56 రోజులు. 45 రోజుల పిల్లకు టీకాల వరస అప్పుడప్పుడే మొదలవుతుంది, తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతూ ఉంటుంది. అలాంటి పిల్లను రాత్రంతా ప్రయాణం చేయించి పంపేవాడు రేపు మీ ఫోన్ ఎత్తుతాడా? నిబంధనల ప్రకారం బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అది చూపించమనండి. జాతి కుక్కల వంశాన్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా దగ్గర ఆ ఈత రిజిస్టర్ అయిందా, పిల్లకు మైక్రోచిప్ పెట్టారా, కాగితం మీది నంబరు, స్కానర్‌లో వచ్చే నంబరు ఒకటేనా, మీ పేరుకు మార్చే కాగితం ఎప్పుడిస్తారు అని అడగండి. 'పేపర్లు తర్వాత పంపుతాం' అంటే షో కోసం పిల్ల కొనే మనిషికి అది పనికిరాని మాట. మిగతా 60,000 ఎట్టి పరిస్థితుల్లోనూ ముందు పంపకండి. అడ్వాన్స్ 10,000 తిరిగి అడగండి, వాట్సాప్‌లో రాసి అడగండి. ఇవ్వకపోతే ఆ పదివేలు పోయాయనుకోండి. దాన్ని కాపాడుకోవడానికి 90,000 అప్పు చేయకూడదు.

స్టడ్ ఫీజుల ఆశ గురించి ఇంకా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్లాన్ మొత్తం దాని మీదే నిలబడి ఉంది. షోలో గెలిస్తే వచ్చేది రిబ్బను, ట్రోఫీ, సర్టిఫికెట్. లోన్ తీర్చే డబ్బు కాదు. ఛాంపియన్ టైటిల్ ఒక్క షోతో రాదు, వేర్వేరు జడ్జిల దగ్గర ఛాలెంజ్ సర్టిఫికెట్లు గెలుచుకోవాలి. అంటే మళ్లీ మళ్లీ ప్రయాణాలు. షోలు ఎక్కువగా చలికాలంలో జరుగుతాయి, వైజాగ్‌లోనే అన్నీ దొరకవు, భువనేశ్వర్, హైదరాబాద్, చెన్నై తిరగాలి. రైల్లో కుక్కను తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీకే దొరకాలి, లేదంటే గార్డు పెట్టెలో డాగ్ బాక్స్‌లో వేయాలి. షోకు సిద్ధం చేసిన కుక్కను ఆ బాక్సులో వేయడానికి మీకు మనసొప్పదు, కారు మాట్లాడతారు. ఎంట్రీ ఫీజు చిన్నదే, ఖర్చంతా దారిలోనూ, కుక్కను రానిచ్చే రూము దగ్గరా. ఒక దూరపు షోకు 12,000 నుంచి 15,000 పక్కన పెట్టుకోమని నేను చెబుతాను. ఏడాదికి నాలుగు షోలంటే మీరే లెక్కేసుకోండి.

ఇంకొకటి. ఎనిమిది వారాల పిల్లను చూసి ఇది షో రింగులో గెలుస్తుందని ఏ నిజాయితీ గల బ్రీడరూ హామీ ఇవ్వలేడు. మగపిల్లకు రెండు వృషణాలూ కిందికి దిగకపోతే షోకు పనికిరాదు. చెవులు సరిగ్గా నిలబడకపోవచ్చు, పళ్ల కలయిక మారిపోవచ్చు. జర్మన్ షెపర్డ్‌లో తుంటి కీలు సమస్య తరచుగా వస్తుంది, పెద్దయ్యాక ఎక్స్‌రే తీస్తే గానీ ఖాయంగా తెలియదు. ఆ ఎక్స్‌రే బాగా లేని మగకుక్క దగ్గరకు తెలిసినవాళ్లెవరూ ఆడకుక్కను తీసుకురారు, తీసుకురాకూడదు కూడా. ఇన్ని దాటితే వచ్చే ఆదాయాన్ని ఈఎంఐకి ఎదురుగా రాసుకోవడం చాలా ప్రమాదం. ఈఎంఐ మాత్రం ఐదో తేదీకి ఠంచనుగా వస్తుంది.

మరి ఏం చేయాలి? పెద్దగా ఏమీ చేయక్కర్లేదు, 14 నెలలు ఆగాలి. ఈ 5 నెలలు మిగిలే 4,600 కదపకుండా దాస్తే 23,000. బండి ఈఎంఐ అయిపోయాక నెలకు 8,000 మిగులుతుంది, తొమ్మిది నెలలకు 72,000. మొత్తం 95,000. చీటీ చివరిదాకా ఉంచితే ఫోర్‌మన్ (చీటీ నడిపేవారి) కమిషన్ 7 శాతం పోయినా 93,000 వస్తుంది. మధ్యలో అవసరమని పాడేస్తే తోపుడు (పాటలో వదులుకునే డబ్బు) పోతుంది, కాబట్టి పాడకండి. రెండూ కలిపి 1,88,000. అందులో 98,400 అత్యవసర నిధికి వేసి ఆరు నెలలు నింపేయండి. దాదాపు 90,000 మిగులుతుంది. అప్పుడు 70,000 పెట్టి పిల్లను తెచ్చుకున్నా 20,000 దాని పేరు మీద విడిగా ఉంటుంది. చీటీ 5,000 కూడా అయిపోయి ఉంటుంది కాబట్టి తిండి, టీకాలు, షో ప్రయాణాలు నెల జీతంలోంచే వెళ్తాయి. ఒక్క రూపాయి అప్పు లేదు, నగలు లాకర్లో ఉన్నాయి. కుక్క పేరు మీద ఉన్న 20,000 నుంచి తీసిన ప్రతిసారీ మళ్లీ నింపాకే తర్వాతి షోకు ఎంట్రీ కట్టండి. ఈ ఒక్క నియమం పెట్టుకోండి.

పెట్ ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. తీసుకోండి, కానీ వెయిటింగ్ పీరియడ్, మినహాయింపులు చదివి తీసుకోండి. అది విడి నిధికి బదులు కాదు. ఎక్కువ ఖర్చు వద్దనుకుంటే ముధోల్, రాజపాళయం, చిప్పిపారై లాంటి మన జాతులు కూడా షోల్లో నడుస్తాయి, మన వేడికి తట్టుకుంటాయి. బ్రీడర్‌తో కలిసి జాయింట్ ఓనర్‌షిప్ (కుక్క ఇద్దరి పేరు మీదా ఉండటం) అనే పద్ధతి కూడా ఉంది, ఖర్చులెవరివో కాగితం మీద రాసుకుంటేనే.

ఒక విషయం మీ ఉత్తరంలో లేదు. మీది అద్దె ఇల్లు. ఓనర్‌ను అడిగారా? 30 కిలోలు దాటే కుక్క మేడమీద పోర్షన్‌లో మొరుగుతుంటే మూడో నెలలో ఖాళీ చేయమంటారు. అప్పుడు కొత్త అడ్వాన్సు, సామాన్ల తరలింపు, అన్నీ ఆ 90,000 ఎఫ్‌డీ లోంచే. మీ భార్యను కూడా అడగండి, నగల గురించి కాదు. మీరు షిఫ్టులో ఉన్నప్పుడు ఆ పిల్లకు రోజుకు నాలుగుసార్లు తిండి పెట్టి, తుడిచేది ఆవిడే.

ఈ 14 నెలలు ఖాళీగా కూర్చోమనడం లేదు. గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడికి ఒకసారి వెళ్లి టీకాల వరస, పార్వో వస్తే మొదటి గంటల్లో ఏం చేయాలి, మీ ఇంటికి దగ్గర్లో రాత్రి పూట ఏ డాక్టరు దొరుకుతారు అని అడిగి రాసుకోండి. ఈ చలికాలం వైజాగ్‌లో షో పడితే పొద్దున్నే రైలెక్కండి. రింగు పక్కన నిలబడి జర్మన్ షెపర్డ్‌ల వంతు వచ్చినప్పుడు చూడండి: జడ్జి పెదవి ఎత్తి పళ్లు ఎలా చూస్తున్నాడు, కుక్కను నడిపించే హ్యాండ్లర్ పట్టీ ఎంత వదులుగా పట్టుకున్నాడు, కుక్క పరుగులో వీపు ఎలా నిలుస్తోంది. రింగు అయిపోయాక ఓనర్లతో మాట్లాడండి, పోయిన ఏడాది ఎంత ఖర్చయిందని అడగండి, చెబుతారు. ఈసారికి కుక్క లేకుండా వెళ్లండి, టికెట్ డబ్బులు ఆ నెల ఇంటి ఖర్చులో సర్దుకోండి.