గొంతు ఒక చెవిలో, డ్రమ్స్ ఇంకో చెవిలో వస్తుంటే
మీ హెడ్‌ఫోన్స్ పాడవలేదండీ, కొత్తవి కొనకండి. బీటిల్స్ 1967 ఆల్బమ్ 'సార్జెంట్ పెప్పర్స్'లో కొన్ని పాటలకి గొంతు ఒక పక్కకే వస్తోందన్నారు కదా, ఆ పాత స్టీరియో మిక్సే (శబ్దాల్ని ఎడమ, కుడి చెవులకి విడదీసిన కూర్పు) అంత. అప్పట్లో చాలా ఇళ్లలో మోనో ప్లేయర్లే, అంటే అన్నీ కలిపి ఒకే శబ్దంగా వినిపించేవి. అందుకే బ్యాండ్ వాళ్లు దగ్గరుండి చేయించుకున్నది మోనో మిక్స్. స్టీరియో పని తర్వాత త్వరత్వరగా ముగించేశారు. దొరికితే మోనోనే వినండి. 'షీ ఈజ్ లీవింగ్ హోమ్' అందులో కాస్త వేగంగా, అర స్వరం పైన నడుస్తుంది. నాకైతే ఆ పాట అలాగే వినాలి. స్టీరియోనే కావాలంటే 2017 రీమిక్స్ పెట్టుకోండి. ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో 'మోనో ఆడియో' ఆన్ చేసినా రెండు చెవులకీ అంతా వినిపిస్తుంది, కానీ అది ఆనాటి మోనో మిక్స్ అవదు.