మా పుట్టింటి వాన, మా అత్తింటి వాన

ప్రశ్న: "ఈ ఏడాది సాధారణం కంటే ఎక్కువ వర్షం పడిందని వార్తల్లో చెప్తారు. అదే ఏడాది రైతులు పంట పోయిందంటారు. వాన బాగా పడితే దిగుబడి కూడా బాగా రావాలి కదా? వాతావరణం ఒక్కో ప్రాంతంలో పంటని ఒక్కోలా ఎందుకు దెబ్బతీస్తుంది? సేద్యం చేసినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?"

నేను పుట్టింది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో. అక్కడ మాకు ఎనిమిదెకరాల ఎర్రనేల ఉంది. బోరు లేదు, వానే ఆధారం, పంట వేరుశనగ. నాన్నకి వయసు మీద పడ్డాక ఇప్పుడు తమ్ముడు చూసుకుంటున్నాడు. మా ఆయనది కోనసీమ. ఆయన అనంతపురంలో ఉద్యోగం చేస్తున్నప్పుడు మా పెళ్ళయింది. 2010లో మామయ్యగారికి ఒంట్లో బాగోకపోతే ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశాం. అప్పటి నుంచి నాలుగెకరాల వరి చేను మా చేతి మీదే నడుస్తోంది. రెండు చోట్లా పంట రావడం చూశాను, పోవడం కూడా చూశాను. అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయాలనిపించింది.

2012 నవంబరు మొదటి వారం నాకు బాగా గుర్తు. నీలం తుఫాను అక్టోబరు 31న మహాబలిపురం దగ్గర తీరం దాటింది. దాటిందిలే అని మేం ఊపిరి పీల్చుకున్నాం. ఆ తర్వాతే అసలు వాన మొదలైంది. మా చేను సగం కోసి పనల మీద (కోసిన వరి చేలోనే పరిచి) ఉంది, మిగతా సగం పండి నిలబడి ఉంది. మూడు రోజుల తర్వాత చూస్తే పనలు నీళ్ళలో తేలుతున్నాయి, నిలబడ్డ చేను పూర్తిగా పడిపోయింది. మోకాలి లోతు నీళ్ళలో దిగి పనలు గట్టు మీదికి మోస్తుంటే నాన్న ఫోన్ చేశాడు. "పాపా, మీ మామ చేలో మంచి పదునైంది, శనగ విత్తుతారంట" అన్నాడు. ఉరవకొండ వైపు మా మేనమామకి నల్లరేగడి ఉంది. అక్కడ అక్టోబరు, నవంబరు నెలల్లో పప్పుశనగ వేస్తారు. నేలలో తేమ ఉంటే చాలు, ఆ పంట దాని మీదే చలికాలమంతా నడిచిపోతుంది. నాన్న గొంతులో అంత సంతోషం విని ఇక్కడి సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అవి ఒకే తుఫాను మబ్బులు. ఒకచోట విత్తనానికి పదును, ఇంకోచోట కోతకొచ్చిన గింజకు మొలక. మీ ప్రశ్నకి నా జవాబు ఇక్కడే ఉంది. ఏడాది మొత్తంలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందన్నది చూస్తే రైతు కష్టం అర్థం కాదు. ఆ వాన పడిన రోజుకి అక్కడి పంట వయసు ఎంత, అది ఏ నేల, నీళ్ళు పోవడానికి దారి ఉందా అనేవి చూడాలి.

ముందు అనంతపురం గురించి చెప్తాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా అది. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి మా దాకా వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. ఆ కాస్త వానైనా సమానంగా పడదు. నాలుగు రోజులు కుండపోత పోసి, తర్వాత నలభై రోజులు మబ్బు మాత్రమే తిరుగుతుంది. ఎర్రనేల లోతు తక్కువ, నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేదు. నల్లరేగడిలో పంట ఇరవై రోజుల బెట్టను, అంటే వాన లేని ఎండను, ఓర్చుకుంటే, మా ఎర్రనేలలో పన్నెండు రోజులకే మధ్యాహ్నం ఆకులు ముడుచుకుంటాయి.

వేరుశనగ సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తాను. విత్తిన 25, 30 రోజులకి పసుపుపచ్చ పూలు వస్తాయి. పువ్వు రాలాక దాని మొదట్లోంచి సూదిలాంటి ఊడ కిందికి దిగి మట్టిలోకి గుచ్చుకుంటుంది. ఆ ఊడ చివరే కాయ తయారవుతుంది. పైమట్టి గట్టిపడితే ఊడ లోపలికి దిగలేదు, గాలిలోనే ఎండిపోతుంది. దిగినా సరే, కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టిలోంచే నేరుగా తీసుకుంటుంది. పూత సమయంలో జిప్సం వేసేది అందుకే. మట్టిలో తేమ లేకపోతే జిప్సం వేసినా కాయకి అందదు, లోపల గింజ ఊరదు. పైకి కాయలాగే కనబడుతుంది, వలిస్తే లొట్ట. కాబట్టి సుమారు 40వ రోజు నుంచి 85వ రోజు దాకా పడే రెండు మూడు వానలే దిగుబడిని తేలుస్తాయి. దానికి ముందు చిన్న బెట్ట వస్తే నిజానికి మంచిదే, వేరు లోతుకి పోతుంది, పూత ఒక్కసారిగా వస్తుంది.

2016లో సరిగ్గా ఆ రోజుల్లోనే దెబ్బ తగిలింది. ఆ ఏడు తొలకరి బాగా పడింది. ఊరంతా ఒక్క గుంట బీడు లేకుండా విత్తారు. జూలైలో నేను పుట్టింటికి వెళ్తే చేను ఎంత పచ్చగా ఉందో చెప్పలేను. నాన్న వాన పడిన ప్రతి రోజునీ గోడ క్యాలెండరు మీద సున్నా చుట్టి పెడతాడు. ఆగస్టు పేజీలో ఒక్క సున్నా లేదు. ఊడలు దిగే వేళ ఆ నెలంతా ఎండ, గాలి. ప్రభుత్వం రెయిన్ గన్లు (నీటిని వానలా చిమ్మే యంత్రాలు) తెప్పించి తడులిచ్చే ప్రయత్నం చేసింది. దగ్గరలో కుంటలో నీళ్ళున్న చేలకి ఒక తడి అందింది, వాళ్ళకి ఎకరాకి ఐదారు మూటలు వచ్చాయి. మా వైపు కుంటలు అప్పటికే ఎండిపోయాయి. మా ఎనిమిదెకరాలకీ కలిపి తొమ్మిది మూటలు. వానలు బాగా పడిన ఏడు ఎకరాకే పది మూటలు చూసిన నేల అది. వేరుశనగ కట్టె (కాయలు తీశాక మిగిలిన మొక్క) పశువులకి పనికొచ్చిందని నాన్న సరిపెట్టుకున్నాడు.

ఆ తర్వాత వాన పడినా లాభం లేదు. మా పెద్దవాళ్ళు "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటారు. ఉత్తర కార్తె అంటే సెప్టెంబరు రెండో సగం. అప్పటికీ వాన లేకపోతే ఇక ఊళ్ళో ఉండి చేసేదేమీ లేదు, తట్టా బుట్టా ఎత్తుకుని వలస పొమ్మని అర్థం. మా వైపు వాళ్ళు బెంగళూరు బస్సు ఎక్కుతారు. ఆ మాట నాకు చిన్నప్పుడు సామెత మాత్రమే. ఆ ఏడు మా పక్కింటి తలుపుకి తాళం చూశాక అర్థమైంది.

ఇంకో సంగతి. అక్కడ వాన ఊరికీ ఊరికీ మారిపోతుంది. ఒక ఏడాది పంట బీమా కోసం అడిగితే, మండల కేంద్రంలో వాన కొలిచే యంత్రం లెక్క ప్రకారం మీకు బెట్ట లేదని చెప్పారు. మండల కేంద్రం మా చేనుకి పద్నాలుగు కిలోమీటర్లు. అక్కడ పడిన వాన మా చేలో పడలేదు. నాన్న క్యాలెండరు చూపించినా అది లెక్కలోకి రాదన్నారు. ఇలాంటివి విన్నప్పుడు చాలా బాధేస్తుంది.

ఇక కోనసీమ. ధవళేశ్వరం ఆనకట్ట, కాలువలు ఉన్నాయి, వీళ్ళకేం అనుకుని వచ్చాను నేను. నీటికి లోటు లేని మాట నిజమే. ఇక్కడ దిగుబడిని తేల్చేవి ఎండ, గాలి, మురుగు. మొదటి ఏడాదే నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటి చెప్తాను. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, మాకు ఎకరాకి 28, 30 బస్తాలు వస్తే, అదే చేలో దాళ్వాలో, అంటే దాని తర్వాత వేసే రెండో పంటలో, 40 దాటుతుంది. బస్తా అంటే 75 కిలోలు. వానాకాలంలో కదా పంట బాగా రావాలి అని మామయ్యగారిని అడిగాను. "గింజ పాలు పోసుకునేది ఎండకమ్మా, వానకి కాదు" అన్నారు. సార్వాలో నెలల తరబడి మబ్బు, ఆకుకి వెలుగు చాలదు. తేమకి ఎండాకు తెగులు, దోమ పెరుగుతాయి. దాళ్వాలో ఆకాశం తేటగా ఉంటుంది, నీరు కాలువది, ఎండ దండిగా ఉంటుంది.

వరి ఈనిన (వెన్ను బయటికి వచ్చిన) తర్వాత పూత పొద్దున తొమ్మిది, పది గంటల నుంచి మధ్యాహ్నం లోపు విచ్చుకుంటుంది. ఆ వారం రోజులూ పొద్దుటిపూట వాన కొడితే పుప్పొడి కడుక్కుపోయి తాలు (గింజ లేని పొట్టు) పెరుగుతుంది. అదే వాన రాత్రి పడితే అంత నష్టం లేదు. ఒక్క పూట తేడా!

అన్నిటికంటే పెద్ద భయం అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా. 1996 నవంబరు 6 తుఫాను గురించి ఇక్కడ ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెప్పుకుంటారు. వరితో పాటు కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. వరి మళ్ళీ ఏడాది వేసుకోవచ్చు, కొబ్బరి తిరిగి కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఊరు దూరమే అయినా కళ్ళాల్లో ధాన్యం తడిసింది. అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు ఉండాలి. ఎండ రాదు, ధాన్యం ఆరదు, రోడ్డు మీద పరిచి గంటకోసారి కాళ్ళతో తిరగేస్తూ కూర్చోవాలి. రంగు మారితే ధర తగ్గుతుంది. లెక్కల్లో మా దిగుబడి 30 బస్తాలే. చేతికొచ్చిన డబ్బు మాత్రం 20 బస్తాలది.

చేను పడిపోయి వెన్నులు నీళ్ళలో ఉంటే రెండు మూడు రోజుల్లో మొలక మొదలవుతుంది. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు తడిసేలా పిచికారీ చేస్తే మొలక కొంత ఆగుతుంది. 2012లో మాకిది తెలియదు, తర్వాత నేర్చుకున్నాం. నీళ్ళు తీసేయడం మాత్రం దానికంటే ముఖ్యం. తీయాలంటే మురుగు కాలువ పారాలి. గుర్రపుడెక్క పేరుకుపోయి, పూడిక తీయక, పైగా సముద్రం పోటు మీద ఉంటే నీరు వెనక్కే తన్నుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే పాటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధరతో పాటు ఈ ముంపు కూడా ఉంది. తుఫానుని ఎవరూ ఆపలేరు కానీ మురుగు కాలువ బాగు చేయడం మనుషుల చేతిలో పనే. ఈ విషయంలో నాకు కోపం ఇంకా తగ్గలేదు.

అసలు మన ఊళ్ళో వాతావరణం బాగున్నా చాలదు. 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద ఎక్కడో పైన మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ వైపు కురిసిన వానలది. ఆ నీరు వచ్చి మా లంకల్లో (గోదావరి మధ్య దీవుల్లో) అరటి, కూరగాయల తోటలు ముంచేసింది. మా ఇంటి ముందు ఎండ కాస్తుంటే ఏటిగట్టు అవతల ఇళ్ళ కప్పులు మాత్రమే కనిపించాయి.

తెలంగాణ గురించి నాకు తెలిసింది తక్కువ. మా ఆడపడుచుని వరంగల్ వైపు ఇచ్చారు. వాళ్ళకి వాన కంటే వడగళ్ళ భయం ఎక్కువ. 2023 మార్చిలో పావుగంట వడగళ్ళకి వాళ్ళ మక్క (మొక్కజొన్న) చేను నేలకి ఒరిగిపోయింది, మిర్చి కల్లంలోనే తడిసింది. అప్పుడు ప్రభుత్వం ఎకరాకి 10,000 రూపాయలు ప్రకటించింది. వాళ్ళ లెక్కలో ఒక్క మిర్చి పెట్టుబడే దానికి ఎన్నో రెట్లు.

మరి రైతు ఏం చేయగలడు అంటే, మా రెండిళ్ళలో జరిగిన మార్పులు చెప్తాను. ఇక్కడ మేం తక్కువ రోజుల రకానికి మారి, కాలువకి నీళ్ళు రాగానే ఆకుమడి పోసి, అక్టోబరు నెలాఖరుకి కోతలు అవ్వాలని చూస్తున్నాం. పల్లపు చేలల్లో జూలై ముంపుకి ఊడ్పులు కొట్టుకుపోయి, రెండోసారి ఊడ్చి, కోతలు మళ్ళీ నవంబరులోనే పడ్డ ఏళ్ళూ ఉన్నాయి. అక్కడ తమ్ముడు వేరుశనగలో సాళ్ళ మధ్య కంది తప్పకుండా వేస్తున్నాడు. కంది వేరు లోతుకి పోతుంది, వేరుశనగకి పనికిరాని అక్టోబరు వాన కందికి పనికొస్తుంది. ఆ మధ్య ఒక ఏడాది వేరుశనగ పూర్తిగా పోతే, కంది అమ్మి విత్తనాల అప్పు తీర్చాడు.

మీరు ఏదైనా జిల్లా దిగుబడి, వాన లెక్కలు పోల్చాలనుకుంటే నెలవారీ మొత్తాలు పక్కన పెట్టి, రోజువారీ వాన తీసుకోండి. పక్కనే ఆ మండలంలో విత్తిన తేదీలు రాసుకోండి. వేరుశనగకి 40 నుంచి 85 రోజుల మధ్య ఎన్ని పొడి రోజులున్నాయో, వరికి ఈనిక వారంలోనూ కోతల పది రోజుల్లోనూ ఎంత వాన పడిందో చూడండి. మా నాన్న 2003 నుంచి క్యాలెండర్లు పారేయకుండా అటక మీద దాచాడు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు తమ్ముడూ నేనూ అవన్నీ దించి, ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాం. ఇప్పటికి 2014 దాకా అయింది.