కొత్త కణం దొరక్కపోతే మా అమ్మాయి పరిస్థితి ఏంటి?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం. కొలైడర్ (కణాలను ఢీకొట్టించే యంత్రం) డేటాతో కొత్త సిద్ధాంతాలను పరీక్షించే పరిశోధన చేస్తానంటోంది. హిగ్స్ బోసాన్ అనే కణం తర్వాత అక్కడ కొత్త మౌలిక కణమేదీ దొరకలేదని చదివాను. ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు సగం ఫీజు కట్టేశాం, తనకింకా చెప్పలేదు. రెండింట్లో ఏది మేలు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఐదారేళ్లు కష్టపడి పాప ఉత్త చేతులతో ఇంటికొస్తుందేమోనన్నదే కదండీ మీ భయం? ముందు ఆ టెన్షన్ వదిలేయండి. కొత్త కణం దొరికితేనే పీహెచ్‌డీ ఇస్తారని లేదు.

సిద్ధాంతం నిజమైతే డేటాలో ఫలానా గుర్తు కనబడాలి. కనబడకపోతే ఆ సిద్ధాంతానికి హద్దు పడుతుంది. ఆ హద్దు గీయడమే మీ అమ్మాయి చేస్తానంటున్న పని. బీ-ఎస్ మెసాన్ అనే కణం రెండు మ్యూవాన్లుగా (ఎలక్ట్రాన్‌కు బరువైన చుట్టాలు) విడిపోవడమే చూడండి. మౌలిక కణాల గురించి ఇప్పుడున్న సిద్ధాంతం స్టాండర్డ్ మోడల్. దాని లెక్కలో అది వంద కోట్లకు మూడు నాలుగు సార్లే జరగాలి. ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉంటుందనే కొత్త సిద్ధాంతం సూపర్‌సిమెట్రీలోని కొన్ని మోడళ్ల ప్రకారం అంతకంటే ఎన్నో రెట్లు జరగాలి. కొలైడర్ ఉన్న యూరప్ పరిశోధన కేంద్రం సెర్న్‌లోని సీఎంఎస్, ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగాల బృందాలు తమ డేటా కలిపి 2015లో ఫలితం ప్రచురించాయి. స్టాండర్డ్ మోడల్ మాటే నిలిచింది, ఆ మోడళ్లలో చాలావాటికి దారి మూసుకుపోయింది. కొత్త కణం దొరకలేదు. అయినా ఈ కొలత మీద పనిచేసిన పిల్లలకు డాక్టరేట్లు వచ్చాయి.

ఇక మీ కోర్సు. ఆరు నెలల సర్టిఫికెట్ల మీద నాకు నమ్మకం తక్కువ. టూల్స్ నేర్పుతారు, డేటా మోసం చేస్తుంటే పట్టుకోవడం నేర్పరు. 2015 డిసెంబరులో 750 జీఈవీ (కణాల బరువును కొలిచే యూనిట్) దగ్గర, సెర్న్‌లోనే అట్లాస్ అనే మరో ప్రయోగం, సీఎంఎస్ రెండింటి గ్రాఫుల్లోనూ కొత్త కణమేమో అనిపించే ఒక బుడిపె కనబడింది. దాని మీద వందల పేపర్లు రాశారు. మరుసటి ఏడాది ఆగస్టుకు మరింత డేటా చేరేసరికి అది లేనే లేదని తేలింది. అలా తేల్చే చోట ఐదేళ్లు పైథాన్, సీ ప్లస్ ప్లస్, స్టాటిస్టిక్స్‌తో గడిపిన అమ్మాయికి డేటా ఉద్యోగం ఎప్పుడైనా దొరుకుతుంది. కోర్సు ముగించి అటు నుంచి ఇటు రావడం మాత్రం కష్టం.

కష్టాలూ ఉన్నాయి. పర్మనెంట్ పోస్టులు తక్కువ, పోస్ట్‌డాక్‌ల (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు) కోసం దేశాలు తిరగాలి, ముప్పై దాటినా స్థిరపడకపోవచ్చు. ఇవన్నీ తనకు చెప్పాల్సిన మీరు, తనకు తెలియకుండా ఫీజు కట్టారు! ఇరవై రెండేళ్ల పిల్ల జీవితం గురించి ఆమెను అడగకుండా నన్ను అడగడం ఏం న్యాయమండీ? ఈ రోజే చెప్పండి.

సీఎంఎస్ డేటాలో కొంత 2014 నుంచి సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతోంది. హిగ్స్ నాలుగు లెప్టాన్లుగా (ఎలక్ట్రాన్, మ్యూవాన్ లాంటి కణాలు) మారే విశ్లేషణ నమూనా కూడా అందులో ఉంది. ఈ సెలవుల్లో చేసి చూడమనండి. బ్యాక్‌గ్రౌండ్ (అసలు గుర్తులా కనబడే మామూలు ఘటనలు) లెక్కలతో వారాలు గడిచినా విసుగు రాకపోతే, సీఎంఎస్‌లో పనిచేసే ముంబై టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) లాంటి చోట్ల ప్రయత్నించవచ్చు. గైడ్‌ను ఎంచుకునే ముందు, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లు ఇప్పుడెక్కడ ఉన్నారో తప్పకుండా కనుక్కోమనండి.