టార్మాక్ అంటే తారు రోడ్డేనా? తారు, బిటుమెన్, అస్ఫాల్ట్ ఒకటేనా?

ఇంగ్లీషు పనిపత్రంలో టార్మాక్, అస్ఫాల్ట్, బిటుమెన్ అని మూడు మాటలు కనిపిస్తున్నాయి, అన్నిటికీ "తారు" అని రాసేయవచ్చా అన్నది మీ ప్రశ్న. మామూలు మాటల్లో అయితే రాసేయవచ్చు. తారు రోడ్డు అన్నా, డాంబర్ రోడ్డు అన్నా, బీటీ రోడ్డు అన్నా వినేవాళ్లకు ఒకే నల్ల రోడ్డు గుర్తొస్తుంది. పనిపత్రంలో మాత్రం అలా రాయకండి. అక్కడ ఒక్క మాట తప్పితే సరుకు లెక్క ఇరవై రెట్లు తప్పుతుంది.

ముందు పదార్థం సంగతి. అసలైన తారు బొగ్గు నుంచి వస్తుంది. బొగ్గును గాలి తగలకుండా బాగా వేడిచేసి కోక్ తయారుచేసేటప్పుడు దిగే నల్లటి జిగట ద్రవం అది. బిటుమెన్ పుట్టుక వేరు: ముడి చమురులోంచి పెట్రోలు, డీజిలు వంటివన్నీ తీసేశాక అడుగున మిగిలేది. ఇవాళ వేసే రోడ్లలో కంకరను పట్టి ఉంచేది బిటుమెనే. అంటే మనం తారు రోడ్డు అంటున్నదాంట్లో తారు ఉండదు, పేరు మాత్రం అలా నిలిచిపోయింది.

అస్ఫాల్ట్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. బ్రిటన్‌లో ఈ మాటకు కంకర, ఇసుక, రాతిపొడి, బిటుమెన్ అన్నీ కలిసిన మిశ్రమం అని అర్థం. అమెరికాలో మిశ్రమాన్నీ అదే అంటారు, ఒక్కోసారి అందులోని జిగురు పదార్థాన్నీ అదే అంటారు. పక్కన "సిమెంట్" లేదా "బైండర్" అని ఉంటే జిగురు అని, "కాంక్రీట్" లేదా "మిక్స్" అని ఉంటే మిశ్రమం అని తీసుకోండి. ఆస్ట్రేలియాలోనైతే వాడుకలో రోడ్డునే బిటుమెన్ అంటారు. అందుకే పత్రం ఏ దేశానిదో చూడకుండా అనువాదం మొదలుపెట్టకూడదు.

ఇక టార్మాక్. జాన్ లౌడన్ మెకాడమ్ అనే స్కాట్లండ్ ఇంజనీరు 19వ శతాబ్దం మొదట్లో సన్నగా కొట్టిన రాళ్లను పొరలుగా పరిచి రోడ్లు వేయించాడు. రాయి రాయితో బిగుసుకోవడమే తప్ప వాటిలో జిగురేమీ లేదు. మోటారు కార్లు వచ్చాక వాటి చక్రాలకు ఆ రోడ్లు దుమ్ము రేపాయి. 1902లో ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న ఎడ్గర్ పర్నెల్ హూలీ అనే సర్వేయరు, తారును ఇనుప కొలిమి చిట్టెంతో ముందే కలిపి, ఆ తర్వాత పరిచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. టార్ ప్లస్ మెకాడమ్, అదే టార్మాక్. "ముందు కలపడం, తర్వాత పరచడం" అన్నదే ఇందులో అసలు సంగతి, ప్లాంటులో వేడిగా కలిపి తెచ్చి పరిచే ఇప్పటి హాట్ మిక్స్ కూడా ఆ దారినే నడుస్తోంది. విమానాశ్రయం వార్తల్లో టార్మాక్ వస్తే "విమానాలు నిలిపే చోటు" అని రాయండి. రన్‌వే అని రాయకండి. చాలాచోట్ల ఆ నేల సిమెంట్ కాంక్రీటుదే కాబట్టి తారు అన్నా తప్పే.

ఇరవై రెట్ల లెక్క ఇదిగో. 100 మీటర్ల పొడవు, 3.5 మీటర్ల వెడల్పు, 40 మిల్లీమీటర్ల మందం: 14 ఘనపు మీటర్లు. బాగా అణిగిన మిశ్రమం ఘనపు మీటరుకు సుమారు 2.35 టన్నులు తూగుతుంది కాబట్టి దాదాపు 33 టన్నుల మిక్స్ కావాలి. బరువులో 5 శాతం బిటుమెన్ అనుకుంటే అందులో బిటుమెన్ ఒకటిన్నర టన్నుకు కాస్త పైన, అంతే. "33 టన్నుల తారు" అని రాస్తే చదివినవాడు ఏది తెప్పించాలి?

క్రియాపదాలు కూడా కలగాపులగం చేయకండి. పోసేది లేదా చల్లేది బిటుమెన్‌ను, పరిచేది మిక్స్‌ను, అణిచేది పొరను. పాత రోడ్డు మీద కొత్త పొర వేసేముందు దుమ్ము పూర్తిగా ఊడ్చి ఎమల్షన్ (నీటిలో సన్నని బొట్లుగా కలిపిన బిటుమెన్) పల్చగా చల్లుతారు. దాన్ని టాక్ కోట్ అంటారు. చల్లినప్పుడు గోధుమ రంగులో ఉండి, నీరు విడిపోయాక నల్లబడుతుంది. దీనికి "ఎమల్షన్ విరగడం" అన్న మాట చక్కగా అతుకుతుంది, పాలు విరిగినట్టే. విరగకముందే మిక్స్ పరిస్తే నీరు లోపల చిక్కుకుని పై పొర కింది పొరకు అంటదు, బండ్లు బ్రేకు వేసే చోట జారి ముడతలు పడుతుంది.

పత్రంలో "మందం" అని వస్తే అది అణిచాక మిగలాల్సిన మందమో, పరిచేటప్పటిదో తప్పకుండా రాయండి. 40 మిల్లీమీటర్లు మిగలాలంటే సుమారు 50 పరవాలి. మిక్స్‌లోని పెద్ద కంకర సైజుకు పొర మందం కనీసం మూడు రెట్లు ఉండాలి, లేకపోతే రోలర్ కింద రాళ్లు పగులుతాయి.

ఉష్ణోగ్రత దగ్గర జరిగే తప్పులే ఎక్కువ నష్టం చేస్తాయి. ప్లాంటులో మిక్స్ సాధారణంగా 150 నుంచి 165 డిగ్రీల సెల్సియస్ మధ్య తయారవుతుంది. 90 డిగ్రీలకు దిగేలోపు రోలింగ్ అయిపోవాలి. అంతకంటే చల్లారితే బిటుమెన్ చిక్కబడి రాళ్లు కదలవు, ఖాళీలు మిగులుతాయి. ఖాళీలు 8 శాతం దాటితే నీరు దిగడం మొదలై, మొదటి వానాకాలానికే గుంటలు కనిపించవచ్చు. పొర ఎంత పల్చనైతే అంత తొందరగా చల్లారుతుంది, గాలి వీచే రోజున మరీను. అతిగా కాచినా చేటే: నీలి పొగ వస్తుంది, బిటుమెన్ పెళుసెక్కుతుంది, కొన్నాళ్లకు కంకర రాళ్లు ఊడి రాలిపోతాయి. తడి చేరిన డ్రమ్మును వేడిచేస్తే నురగలు కక్కి పొంగుతుంది, పక్కనున్న మనిషి ఒళ్లు కాలుతుంది. ఈ హెచ్చరిక పత్రంలో ఉంటే ఒక్క అక్షరం కూడా తగ్గించకుండా అనువదించండి.

"తారు" అన్న మాట అక్షరాలా సరిపోయే సందర్భం ఒకటుంది: పాత రోడ్లను తవ్వి, ఆ సరుకును మళ్లీ వాడే పనుల పత్రాలు. వాటిలో కోల్ టార్ అని వస్తే "బొగ్గు తారు" అని పూర్తిగా రాయండి, బిటుమెన్‌తో కలపకండి. బొగ్గు తారులో క్యాన్సర్ కలిగించే హైడ్రోకార్బన్లు బిటుమెన్‌లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని మళ్లీ కాచితే ఆ ఆవిర్లు కూలీలు పీలుస్తారు. తవ్విన ముక్క నుంచి కలరా ఉండల్లాంటి ఘాటైన వాసన వస్తే ప్లాంటుకు పంపకుండా విడిగా ఉంచి, ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి.