మట్టిదారిలో రోడ్డు సైకిలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గ్రావెల్ సైక్లింగ్ (కంకర, మట్టిదారుల్లో సైకిలు తొక్కడం) అనేది కంపెనీలు ఈమధ్య పుట్టించినదేనా? అంతకుముందు రోడ్డు సైకిలు మీద మట్టిదారుల్లో ఎవరూ తిరగలేదా?

జవాబు: మొదట్లో అందరూ తిరిగింది మట్టిలోనే. 1910లో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పోటీ తొలిసారి పిరనీస్ పర్వతాల టూర్మలే కనుమ ఎక్కినప్పుడు అక్కడున్నది రాళ్లు తేలిన బండిబాట. దాన్ని అందరికన్నా ముందు దాటిన ఆక్టేవ్ లపీజ్ కొంతదూరం సైకిలు దిగి నెట్టుకుంటూ నడిచాడు. ఆ కాలంలో గేరు మార్చాలంటే సైకిలు ఆపి, వెనక చక్రం విప్పి, అటుది ఇటు తిప్పి బిగించాలి. చక్రానికి చెరోవైపు చెరో పళ్లచక్రం ఉండేది. చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే డెరెయిలర్‌ను ఆ పోటీలో 1937 దాకా రానివ్వలేదు.

తారు పరుచుకున్నాక కూడా కొందరు కావాలనే దారి వదిలి వెళ్లారు. ‘వేఫేరర్’ కలంపేరుతో రాసిన రాబిన్సన్ 1919లో వేల్స్‌లోని బెర్విన్ కొండలను మంచులో సైకిలుతో దాటాడు. 1955లో ఇంగ్లండ్‌లోని లెమ్‌స్టర్‌లో ‘రఫ్ స్టఫ్ ఫెలోషిప్’ మొదలైంది. వాళ్ల సరదా అంతా కొండబాటలే. కాలిఫోర్నియా శాంటా క్రూజ్ కొండల్లో ఇంజనీరు జాబ్‌స్ట్ బ్రాంట్ దశాబ్దాలపాటు సన్నటి టైర్ల రోడ్డు సైకిలుతోనే అడవిబాటలు తొక్కాడు. కాన్సాస్‌లో 200 మైళ్ల కంకరదారి పోటీ (ఇప్పటి ‘అన్‌బౌండ్’) మొదలయ్యింది 2006లో, అంటే వీళ్లందరి తర్వాత.

మా దృష్టిలో కొత్తగా వచ్చింది తొక్కడం కాదు, ఫ్రేములో వెడల్పు టైరుకు చోటు. డిస్క్ బ్రేకులు వచ్చాక టైరు మీదుగా బ్రేకు కమాను అడ్డురావడం లేదు, అందుకే 40 మిల్లీమీటర్ల టైరు సులువుగా పడుతోంది.

ప్రశ్న: నా పాత రోడ్డు సైకిలుకు 25 మిల్లీమీటర్ల టైర్లున్నాయి. కంకరలోకి దిగినప్పుడల్లా పంక్చరు. ట్యూబుకు పక్కపక్కనే రెండు చీలికలు కనిపిస్తున్నాయి.

జవాబు: అది ‘పాము కాటు’. ముల్లు గుచ్చుకుంటే చిల్లు ఒకటే పడుతుంది. రాయి తగిలినప్పుడు టైరు పూర్తిగా అణిగి, రిమ్ము రెండు అంచులూ ట్యూబును కొరికితే జంట చీలికలు పడతాయి. గాలి ఇంకా గట్టిగా కొడితే కాటు తగ్గుతుంది కానీ, చక్రం రాయి రాయికీ ఎగిరి పట్టు పోతుంది. అసలు మందు వెడల్పాటి టైరే.

కొనేముందు ఉన్న చోటు కొలవండి. ఇరుకు వచ్చేది మూడుచోట్ల: ముందు ఫోర్కు పైభాగంలో, వెనక బ్రేకు కింద, పెడల్ ఇరుసు వెనక ఫ్రేము గొట్టాల మధ్య. టైరు ఎక్కించి గాలి నింపాక ఈ మూడుచోట్లా 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీ (ఆరు పలకల బోల్టులు విప్పే కడ్డీ) తగలకుండా దూరాలి. దూరకపోతే ఆ టైరు వద్దు. చిన్న గులకరాయి ఫోర్కులో ఇరుక్కుంటే ముందు చక్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు. రిమ్ము వెడల్పుగా ఉంటే 28 అని రాసున్న టైరు 30 దాకా ఉబ్బుతుందని కూడా మరవకండి.

70 కిలోల మనిషికి, ట్యూబున్న 28 టైరుకు, ముందు 60, వెనక 68 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టండి. 32 అయితే 45, 52. అక్కణ్నుంచి మూడేసి పీఎస్ఐ తగ్గిస్తూ చూడండి. రిమ్ము రాయికి తగిలి ఒక్కసారి ‘టక్’మన్నా, వెనక్కి మూడు పెంచి అక్కడ ఆపేయండి. పాత టైరు లోపలి గుడ్డ నుంచి వేలెడు ముక్క కత్తిరించి సంచిలో వేసుకోండి. టైరు పక్క చీలినప్పుడు ట్యూబుకూ చీలికకూ మధ్య దాన్ని పెడితే ఇంటికి చేరతారు.

ప్రశ్న: కంకర ఎత్తుల్లో వెనక చక్రం గిర్రున తిరిగి జారిపోతోంది. ముందు 34, వెనక 28 పళ్లు.

జవాబు: మీరు లేచి నిలబడి తొక్కుతున్నట్టున్నారు. లేవగానే వెనక చక్రం మీద బరువు తగ్గుతుంది. సీటు కొసన కూర్చుని, మోచేతులు వంచి తొక్కండి. అలా కూర్చుని తొక్కాలంటే గేరు తేలికవ్వాలి: 34కి 28తో పెడల్ చుట్టుకు దాదాపు 2.6 మీటర్లు పోతారు, వెనక 34 పెడితే 2.1. దానికి కింది చేయి పొట్టిగా ఉన్న డెరెయిలర్ సరిపోదు, మధ్యరకం పొడవుది కావాలి. చైను కూడా కొత్తగా కొలవాలి. డెరెయిలర్‌లోంచి పోనివ్వకుండా ముందూ వెనకా పెద్ద చక్రాల మీద చుట్టి, కలిసినచోటికి అంగుళం కలిపి తెంచండి. పాత పొట్టి చైనే ఉంచేస్తే, పొరపాటున పెద్దదానికి పెద్దది పడిన రోజు డెరెయిలర్ విరుగుతుంది.

ప్రశ్న: తడి మట్టిలో తిరిగొచ్చాక రిమ్ము బ్రేకు కరకరమంటోంది.

జవాబు: బ్రేకు రబ్బరు విప్పి వెలుతురులో చూడండి. మెరిసే అల్యూమినియం తునకలు దిగబడి ఉంటాయి. సూదితో పెకలించి, రబ్బరు పైపొరను ఉప్పుకాగితంతో రుద్దండి. తర్వాత రిమ్ము పక్కకు స్కేలు ఆనించండి. మధ్యలో సందు కనిపిస్తే గోడ అరిగి లోపలికి పోయిందన్నమాట. ఆ రిమ్ముతో మళ్లీ కొండ దిగకండి, గాలి ఒత్తిడికి అంచు చీలి విచ్చుకుంటుంది.