స్పెయిన్‌లో రాత్రి ఏడింటికి అన్నం దొరకదు

స్పెయిన్‌లో చదువుకుంటున్నవాళ్లు, వెళ్లబోతున్నవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు పంపిన ప్రశ్నలు ఈసారి చాలా వచ్చాయి. ఎక్కువ తిండి గురించే. కాగితాల ప్రశ్న ఒక్కటే తీసుకున్నాను. కడుపు నిండితే మిగతా టెన్షన్లు సగం తగ్గుతాయని నా నమ్మకం.

ప్రశ్న: అక్కా, నేను వరంగల్ నుంచి సెప్టెంబరులో మాడ్రిడ్ వచ్చాను, మాస్టర్స్ చేస్తున్నా. నాకు పన్నెండున్నరకి ఆకలేస్తుంది, మళ్లీ రాత్రి ఏడున్నరకి. ఆ రెండు టైముల్లోనూ ఏ హోటల్‌కి వెళ్లినా వంట లేదంటారు. బర్గర్లు, చిప్స్ తిని డబ్బులన్నీ అయిపోతున్నాయి. వీళ్లు అసలు ఎప్పుడు తింటారు?

జవాబు: తమ్ముడూ, వాళ్లు మనకంటే చాలానే తింటారు, కాకపోతే నువ్వు వెళ్లే టైములో కాదు. పొద్దున లేవగానే కాఫీ, ఓ రొట్టెముక్క. పదిన్నర పదకొండుకి పని మధ్యలో బయటికొచ్చి ఇంకో కాఫీ, దాంతో టోస్టో ఆమ్లెట్టు ముక్కో. అసలు భోజనం రెండుకీ మూడున్నరకీ మధ్య. సాయంత్రం ఆరింటికి మెరియెందా అని చిరుతిండి. రాత్రి తిండి తొమ్మిదికో పదికో. మామూలు హోటళ్లలో మధ్యాహ్నం నాలుగింటికి పొయ్యి ఆపితే మళ్లీ ఎనిమిదిన్నరకి గానీ వెలిగించరు. ఏడున్నరకి వేడివేడిగా వడ్డిస్తూ కనిపించేవి ఎక్కువగా టూరిస్టుల కోసం పెట్టినవో, నువ్వు చెప్పిన బర్గర్ కొట్లో. నీ డబ్బులు పోతున్నది అక్కడే.

దీనికి కొంత కారణం గడియారంలోనే ఉంది. మ్యాపులో చూస్తే స్పెయిన్ దాదాపు ఇంగ్లండుకి దిగువనే ఉంటుంది, కానీ 1940లో ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకి జరిపి జర్మనీ టైముతో కలిపేసింది, తర్వాత ఎవరూ దాన్ని వెనక్కి తిప్పలేదు. అందుకే వేసవిలో మాడ్రిడ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి రెండు దాటుతుంది, జూన్ నెలాఖర్లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా ఎండ పొడ ఉంటుంది. ఎండని బట్టి చూస్తే వాళ్ల రెండింటి భోజనం మన పన్నెండింటి భోజనమే.

నువ్వు చేయాల్సింది ఒకటే: ఆకలిని పదకొండింటికి ఓ బొకదీయోతో (పొడుగు రొట్టె మధ్యలో ఏదో ఒకటి పెట్టి ఇస్తారు) సముదాయించి, రెండింటికి ‘మెనూ డెల్ దియా’ తిను. పనిరోజుల్లో దాదాపు ప్రతి వీధిలోనూ దొరుకుతుంది, గుమ్మం ముందు పలక మీద సుద్దముక్కతో రాసి పెడతారు. మొదట ఒకటి, తర్వాత ఒకటి, రొట్టె, తాగడానికి ఏదైనా, ఆఖర్న స్వీటో కాఫీయో, అన్నీ కలిపి చాలాచోట్ల 13 నుంచి 16 యూరోలు. రోజూ తినే ధర కాదు, ఒప్పుకుంటా. కానీ వారంలో ఒకటి రెండుసార్లు ఇలా కడుపునిండా తింటే ఆ రాత్రికి పెరుగన్నం చాలు, బర్గర్ల ఖర్చుతో పోలిస్తే నువ్వే లాభపడతావు. గురువారం వెళ్తే చాలాచోట్ల మెనూలో పయేయా (వెడల్పాటి పెనంలో వండే అన్నం వంటకం) ఉంటుంది, అదో అలవాటు. నీళ్లకి డబ్బులివ్వకు. హోటళ్లు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలని 2022లో చట్టమే వచ్చింది, మాడ్రిడ్‌లో కుళాయి నీళ్లు బాగుంటాయి కూడా. ‘ఆగ్వా దెల్ గ్రీఫో’ అని అడుగు, మొహమాటపడకు.

ప్రశ్న: నేను పూర్తి శాకాహారిని, గుడ్డు మాత్రం తింటాను. రాజమండ్రి నుంచి వచ్చే నెల వాలెన్సియా వెళ్తున్నాను. అక్కడ అంతా పంది మాంసమే అని భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. పంది మాంసం ఎక్కువే, కానీ నిన్ను ఇబ్బంది పెట్టేది కళ్లెదుట కనిపించే మాంసం కాదు చెల్లీ, కనిపించకుండా వచ్చేది. మాంసం వద్దని చెప్పినా సలాడ్ మీద ట్యూనా చేప వేసుకొస్తారు, పప్పు గిన్నెలో చొరిసో (పంది మాంసం సాసేజ్) ముక్క తేలుతుంది, బఠాణీలో హమోన్ (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం) తురుము ఉంటుంది. వాళ్ల లెక్కలో అవి వంటకానికి రుచి, అంతే. అందుకని నేను శాకాహారిని అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోకుండా ‘సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ అతూన్’ అని మూడూ విడివిడిగా చెప్పు, అంటే మాంసం, హమోన్, ట్యూనా ఏవీ లేకుండా అని. ఇంకోటి, పయేయా. వాలెన్సియా వాళ్ల అసలు పయేయాలో కోడి, కుందేలు, గోరుచిక్కుడు కంటే కాస్త వెడల్పుగా ఉండే పచ్చి చిక్కుళ్లు, గర్రోఫో అనే పెద్ద తెల్ల గింజలు వేస్తారు. కూరగాయల పయేయా విడిగా దొరుకుతుంది కానీ అన్నం ఏ నీళ్లలో ఉడికించారో అడిగి తెలుసుకో, ఎముకల పులుసో చేపల పులుసో అయ్యే అవకాశం బాగా ఉంది. క్రిస్మస్‌కి ఎవరైనా పోల్వొరోన్, మంతెకాదో అని పిండి బిళ్లలు పెడితే తినకు, వాటిలో పంది కొవ్వు కలుపుతారు.

ఇక తినగలిగేవి. తోర్తియా దె పతాతాస్, అంటే బంగాళాదుంప, గుడ్డు, చాలామంది ఉల్లిపాయ కూడా వేసి దిబ్బరొట్టె మందాన వేసే అట్టు, అది దేశమంతా ఏ టైములోనైనా దొరుకుతుంది. రొట్టె మీద టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసి ఇచ్చేది పొద్దున పూటకి. వేసవిలో గస్పాచో, అది చల్లని టమాటా చారు అనుకో. సల్మొరేహో కూడా అలాంటిదే, చిక్కగా ఉంటుంది, పైన హమోన్ చల్లుతారు కాబట్టి ముందే వద్దని చెప్పాలి. వంకాయ, టమాటా, కాప్సికం మగ్గబెట్టిన పిస్తో అయితే మన ఇంటి కూరే, కారం మాత్రం సున్నా. సెవిల్లె వెళ్తే పాలకూర శనగలు అడుగు, జీలకర్ర వేస్తారు, ప్రాణం లేచొస్తుంది. వాలెన్సియాలో ఉంటూ ఓర్చాతా తాగకపోతే ఎలా! చుఫా అనే చిన్న దుంపల్ని నానబెట్టి రుబ్బి తీసిన తియ్యని పాలు, అందులో ఆవుపాలు ఉండవు.

కూరగాయలకి సూపర్‌మార్కెట్ కంటే మెర్కాత్ సెంట్రాల్‌కి వెళ్లు, 1928 నాటి పెద్ద మార్కెట్టు అది, చుట్టుపక్కల తోటల నుంచి వచ్చిన సరుకు ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి మూసేస్తారు, ఆదివారం ఉండదు. అసలు ఆ ఊళ్లో ఆదివారం చాలా సూపర్‌మార్కెట్లు కూడా మూసే ఉంటాయి, శనివారమే పాలూ పెరుగూ తెచ్చిపెట్టుకో.

ప్రశ్న: మా అబ్బాయి బార్సిలోనాలో చదువుకోవడానికి వెళ్తున్నాడు. నెయ్యి, చికెన్ పచ్చడి, కుక్కర్, కరివేపాకు అన్నీ సర్దాను. ఇంకేం పెట్టాలి? (ఒక అమ్మ, ఖమ్మం)

జవాబు: అమ్మా, ఇంకేం పెట్టాలో చెప్పేముందు మీరు కొన్ని తీసేయాలి. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. కాబట్టి నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు, పట్టుకుంటే చెత్తబుట్టలో వేస్తారు, మీ కష్టం దండగ. పచ్చి కరివేపాకు కూడా అధికారిక పత్రం లేకుండా రానివ్వరు, పొడి కొట్టి పంపండి. ఆవకాయ, కందిపొడి, సాంబారు పొడి, చింతపండు, ఇంగువ, మీ ఇంటి కారం పెట్టండి. కారం తప్పకుండా పెట్టండి. అక్కడ పిమెంతోన్ అని ఎర్రటి పొడి చక్కని డబ్బాల్లో దొరుకుతుంది, చూడ్డానికి అచ్చం మన కారమే, కానీ ఎక్కువగా దొరికేది తియ్య రకం, అందులోనూ లా వేరా ప్రాంతానిదైతే కట్టెల పొగ మీద ఎండబెట్టింది, పప్పులో వేస్తే పొగచూరిన వాసనే. అమెరికా ఖండం నుంచి మిరపకాయ యూరప్‌కి వచ్చింది మొదట స్పెయిన్‌కే, అయినా వాళ్లు దాని ఘాటు మాత్రం మనకే వదిలేశారు.

నెయ్యికి దిగులొద్దు, ఉప్పు లేని వెన్న కొని కాచుకోమనండి. పెరుగు కొనేటప్పుడు ‘అసుకరాదో’ అని ఉంటే చక్కెర కలిపిందని అర్థం, అది వద్దు. కందిపప్పు, మినప్పప్పు, బెండకాయ రవాల్ పేటలోని పాకిస్తానీ, బంగ్లాదేశీ, ఇండియన్ కొట్లలో దొరుకుతాయి, వాటిని మోయనక్కర్లేదు. కుక్కర్ సంగతికొస్తే, అక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ ఉండదు, గాజు పలక లాంటి కరెంటు పొయ్యి ఉంటుంది. అది ఇండక్షన్ రకమైతే అల్యూమినియం కుక్కర్ పనిచేయదు. అడుగున అయస్కాంతం అంటుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది, లేకపోతే బరువు. గుండ్రటి అడుగున్న మూకుడు ఈ గాజు పలక పొయ్యిల్లో ఏ రకం మీదా కుదరదు. మన మూడు పుల్లల ప్లగ్గు అక్కడి గోడకి దూరదు, అడాప్టర్ రెండు పెట్టండి.

ప్రశ్న: సన్నబియ్యం ఎక్కడ దొరుకుతుంది? గుండ్రటి బియ్యం తిని విసుగొచ్చింది.

జవాబు: ఆ గుండ్రటిది పయేయాకి, పాయసానికి. సూపర్‌మార్కెట్‌లో బాస్మతి ఉంటుంది, సోనామసూరి కావాలంటే మన కొట్లే గతి. పొడవు గింజ ‘అర్రోస్ లార్గో’ చౌక, పులిహోరకి బాగానే వస్తుంది. ఉడికించి గాజు సీసాల్లో పెట్టిన శనగలు కూడా తెచ్చిపెట్టుకో, సీసా యూరో అటూఇటూ, కడిగి తాలింపు పెడితే ఐదు నిమిషాల్లో కూర.

ప్రశ్న: నలుగురం ఒక పిసోలో (ఫ్లాట్‌లో) ఉంటాం, మిగతా ముగ్గురూ వేరే దేశాల వాళ్లు. నేను తాలింపు వేస్తే ఇల్లంతా వాసన అని గొడవ. ఏం చేయను?

జవాబు: తాలింపు మానేయమని మాత్రం నేను చెప్పను! పొయ్యి పైన ఉండే గాలిగొట్టం స్విచ్ వంట మొదలుపెట్టకముందే వేయి, వంటింటి తలుపు మూసి కిటికీ తెరువు, ఎండుమిర్చి నల్లబడేదాకా ఉంచకు. చాలా పాత ఇళ్లలో వంటింటి కిటికీ లోపలి చిన్న వాకిలిలోకి తెరుచుకుంటుంది, పై అంతస్తుల వాళ్లు బట్టలు అక్కడే తీగల మీద ఆరేస్తారు, ఉతికిన రోజు చూసి చేపల పులుసు పెట్టావంటే గొడవ పక్కింటిదాకా వెళ్తుంది. అసలు గొడవ చాలాసార్లు వాసన గురించి కాదు, వాళ్లు తొమ్మిదిన్నరకి వంటకి వచ్చేసరికి పొయ్యి చుట్టూ నూనె జిడ్డు ఉండటం గురించి. నువ్వు ఏడింటికే వండి తుడిచేస్తే ఒకరికొకరు అడ్డురారు, మన ఆకలి వేళలు ఈ ఒక్క విషయంలో పనికొస్తాయి. ఆదివారం ఓసారి అందరికీ నిమ్మకాయ పులిహోర చేసి పెట్టు, కారం తగ్గించి. నిమ్మకాయలకి ఆ దేశంలో కొదవ లేదు.

ప్రశ్న: గది అద్దెకిచ్చినాయన పద్రోన్‌కి ఒప్పుకోనంటున్నాడు. అది అంత ముఖ్యమా?

జవాబు: చాలా ముఖ్యం. నువ్వు ఫలానా ఇంట్లో ఉంటున్నావని నగరపాలక సంస్థలో పేరు రాయించుకోవడమే పద్రోన్, స్పెయిన్‌లో ఉండే ప్రతి ఒక్కరూ చేయించుకోవాలి. మామూలుగా నీ పేరున అద్దె ఒప్పందం ఉంటే దాంతో వెళ్లవచ్చు, ఒప్పందమే లేకుండా చేతికి డబ్బులిమ్మనే గదుల్లోనే ఈ ఇబ్బంది ఎక్కువ. ఆరు నెలలకు మించిన చదువు వీసాతో వచ్చినవాళ్లు దేశంలో దిగిన నెలలోపు గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టాలి, దానికి చాలాచోట్ల ఈ పద్రోన్ కాగితం అడుగుతారు, ముందుగా అపాయింట్‌మెంట్ కూడా తీసుకోవాలి, పెద్ద నగరాల్లో అది దొరకడమే గగనం. అందుకని కొత్తగా వెళ్లేవాళ్లు అడ్వాన్స్ ఇవ్వకముందే పద్రోన్‌కి ఒప్పుకుంటారా అని అడగండి. గది చూడకుండా డబ్బు పంపమంటే ఆ మాట అక్కడితో ఆపేయండి.

ప్రశ్న: నేను మందు తాగను. గ్రనాదాలో క్లాసువాళ్లందరూ సాయంత్రం బార్‌కే వెళ్తారు. వెళ్లకపోతే స్నేహితులు లేరు, వెళ్తే ఏం చేయాలో తెలీదు.

జవాబు: వెళ్లు! అక్కడ బార్ అంటే మన ఊళ్లో వైన్‌షాపు పక్కన పరదాలు కట్టిన గది కాదు, తాతలు, పసిపిల్లలు, చంకలో కుక్కపిల్లలు, అందరూ వస్తారు. మోస్తో అడుగు, ద్రాక్షరసమే, మత్తు ఉండదు. పైగా నువ్వున్నది గ్రనాదాలో, తాగడానికి ఏదైనా తీసుకుంటే తినడానికి ఓ చిన్న ప్లేటు ఊరికే ఇస్తారు, చాలా నగరాల్లో ఆ సుఖం లేదు. మాంసం తినకపోతే ప్లేటు రాకముందే చెప్పు. తినడం అయిపోయాక కూడా గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, నువ్వు మధ్యలో లేచిపోతే కోపం వచ్చిందేమో అనుకుంటారు. బిల్లు ఒకరు కట్టి మిగతావాళ్లు బిజుమ్‌లో పంపుతారు, అది మన ఫోన్‌పే లాంటిది, స్పెయిన్ బ్యాంకు ఖాతా ఉంటేనే పనిచేస్తుంది, కాబట్టి ఖాతా ఇంకా తెరవకపోతే ఈ వారమే తెరువు.